పునాదిరాయికి బోనం

శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ దాటి మా ఊరికి వచ్చే దారిలో, ఊరు మొదట్లోనే, వేపచెట్టు కింద ఒక దేవత ఉండేది. తాతల నాటిది కాదు, సర్కారు నిలబెట్టింది. నున్నగా కోసిన నల్లరాయి, నా నడుమంత ఎత్తు, మీద బంగారు రంగు అక్షరాలు. ఒక నాయకుడు వచ్చి, డప్పులు కొట్టించి, పంతులుతో మంత్రాలు చదివించి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఊరికి దవాఖాన వస్తుందన్నాడు, బడికి కొత్త గదులు వస్తాయన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అందరికీ పులిహోర పొట్లాలు పంచారు. పులిహోర బాగుంది. మిగతావేవీ రాలేదు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు పోల్చుకుంటాను, అంతే. నేను చెప్తుంటే మా అంగన్‌వాడీ టీచర్ రాస్తోంది. నా తిట్లు అన్నీ రాయనంటోంది. కొన్నయినా ఉంచమన్నాను.

ఆ రాయి పాతిన తర్వాత ఎప్పుడు అడిగినా ఒకటే మాట, మంజూరైంది. దవాఖాన మంజూరైంది, నర్సు మంజూరైంది, బడి గదులు మంజూరయ్యాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్లు మంజూరయ్యాయి. మంజూరైన దవాఖానలో జ్వరం బిళ్ల దొరకదు. మంజూరైన గదిలో పిల్లలు కూర్చోలేరు. బడి వెనక పిల్లర్లు లేపి వదిలేశారు. వాటి నెత్తిన ఇనుపచువ్వలు తుప్పుపట్టి వంగిపోతే పిల్లలు సంచులు తగిలించుకునేవాళ్లు. రెండు తరగతులు ఒకే వరండాలో వీపుకు వీపు ఆనించి కూర్చునేవి. ఇటు ఎక్కాలు చెప్తుంటే అటువాళ్లు పద్యం మరిచిపోయేవాళ్లు. ప్రతి బడ్జెట్‌కూ టీవీలో చదువుకింత, వైద్యానికింత అని గొప్పగా చదివేవాళ్లు. నా పెనిమిటి బతికున్నప్పుడు ముందుకు వంగి వింటూ, "మనూరి పేరు అన్నడా?" అని నన్నడిగేవాడు. అనలేదు అనేదాన్ని. అనకముందే ఆయన పోయాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఊరు ఓర్చుకుంటే నేనూ ఓర్చుకున్నాను. నా కోడలి దగ్గరికి వచ్చేసరికి ఓర్పు అయిపోయింది.

మొదటి కాన్పుకు ఏడో నెలలో దాని కాళ్లు పొంగాయి. తల నొస్తోందంది. పక్క ఊరి నర్సమ్మ ఎప్పుడైనా ఒకసారి వచ్చి అంగన్‌వాడీలో కాసేపు కూర్చుని వెళ్లేది. ఆ నెల రాలేదు, అంతకుముందు నెల కూడా రాలేదు. ఒక పొద్దున పిల్ల పొయ్యి దగ్గరే కట్టెలా బిగుసుకుపోయి పడింది, పళ్లు కరుచుకుంది. గుర్రపువాతం అంటారు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. ఆటోలో మేడ్చల్ తీసుకుపోతే అక్కడి నుంచి సిటీకి పంపించారు. కోడలు దక్కింది, లోపలి బిడ్డ దక్కలేదు. నా కొడుకు వాణ్ని తువ్వాలలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

సిటీ దవాఖానలో డాక్టరమ్మ నన్ను కోప్పడింది.

"బీపీ వారం వారం చూపించాలి కదమ్మా. చూపించలేదా?"

"ఏడ చూపియ్యాలె తల్లీ?"

"మీ ఊళ్లో సబ్‌సెంటర్ లేదా?"

"ఉన్నది. మంజూరైంది" అన్నాను.

ఆమె తల వంచుకుని చీటీ రాసింది. మా ఊరిలాంటి ఊళ్ల నుంచి ఆమె దగ్గరికి ఎందరు వస్తున్నారో.

కొన్నాళ్లకు కోడలు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఇంట్లో సంతోషం కంటే భయమే ముందు వచ్చింది. నా కొడుకు తుంకుంట దగ్గర గోదాములో బస్తాలు ఎత్తుతాడు, నేను కూరగాయల మడుల్లో కూలికి పోతాను. వారం వారం దాన్ని శామీర్‌పేటకు ఎక్కించుకుపోయి, చీటీ కోసం నిలబడి, తిప్పి తేవాలంటే ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరి పని పోయినట్టే. ఒకసారి పోయాం, రెండోసారి పోయాం, తర్వాత వానలు పడి ఆటోలే రాలేదు. కోడలు చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"అత్తమ్మా, గీసారి గూడ గట్లనే అయితే?"

"కాదు పో" అన్నాను.

అనడానికైతే అన్నాను. నాకు కావలసింది పెద్ద దవాఖాన కాదు. బీపీ చూసే మిషను, అది చూడ్డం వచ్చిన నర్సమ్మ. మా ఊళ్లో, నడిచిపోయేంత దూరంలో, ఈ పిల్లకు నెలలు నిండకముందే.

ఇక ఆ రాయి దేవత ఎట్లా అయిందో చెప్పాలి. మా చుట్టూ పొలాలన్నీ వెంచర్లయ్యాయి. ఆదివారం వచ్చిందంటే ప్లాట్లు చూడ్డానికి సిటీ నుంచి కార్లు వరుస కడతాయి. వేపచెట్టు కింద పసుపు కుంకుమ పెట్టిన రాయి కనబడితే ఇటువైపు మనుషులు ఇంకేం అనుకుంటారు? పోచమ్మ అనుకున్నారు. ప్లాటు రిజిస్ట్రేషన్ అయినవాళ్లు కొబ్బరికాయ కొట్టారు. కొత్త కారు కొన్నవాళ్లు ఆమె ముందే నిమ్మకాయలు తొక్కించారు. పసుపు మీద పసుపు, నూనె మీద నూనె పడి అక్షరాలు మూసుకుపోయాయి. ఎవరో పుణ్యాత్ములు వెండి కళ్లు కూడా అతికించారు. మొదట్లో మేం పడీ పడీ నవ్వాం. తర్వాత మా ఊరివాళ్లే అటు పోతూ చెంపలేసుకోవడం మొదలుపెట్టారు. నేనూ వేసుకున్నాను. ఆ కళ్లు చూస్తే వేసుకోకుండా పోవడానికి ధైర్యం చాలేది కాదు.

అంతలో సర్కారు మారింది. మా నాయకుడి మెడలో కండువా కూడా మారింది. అదే దవాఖానకు కొత్త పేరు పెట్టారట, దానికి కొత్త రాయి చెక్కించారట. ఆ రాయి పాతే కార్యక్రమం శ్రావణంలో మా ఊరి బోనాల రోజే పెట్టుకున్నారు, జనాన్ని వేరే పోగెయ్యక్కర్లేదని. పాత రాయిని ముందే పీకెయ్యాలని ఆయన మనిషి ఒకడు జేసీబీని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను పక్క మడిలో బెండకాయలు కోస్తున్నాను. జేసీబీ డ్రైవర్ దిగాడు, రాయిని చూశాడు, చెప్పులు విప్పాడు.

"అన్నా, గిది పోచమ్మ. నేను ముట్ట."

"పోచమ్మ లేదు, గీచమ్మ లేదు. పాత శిలాఫలకం రా అది. పీకు."

"కండ్లున్నయ్ గదనే! అగో, నన్నే సూస్తాంది."

"అరే, ఆ కండ్లు ఎవడో అంటిచ్చిండు రా నాయినా!"

"అయితే నువ్వే పీకన్నా. నాకు పిల్లలున్నరు."

వాడు జేసీబీ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి రాయి ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని వాడు కూడా చెంపలేసుకున్నాడు. నేను బెండ చాళ్లలో కూర్చుని నోట్లో కొంగు కుక్కుకున్నాను. నవ్వు ఆగాక ఒక ఆలోచన వచ్చింది.

సాయంత్రం మా యారాలి దగ్గరికి పోయాను. యారాలు అంటే నా మరిది భార్య. బోనాలప్పుడు ఆమెకు శివం వస్తుంది. అమ్మవారు పూని ఊగిపోతుంది, అప్పుడు ఆమె ఏమంటే అది, ఎంతటివాడైనా వినాల్సిందే. నేను చెప్పింది విని ఆమె మోకాళ్లు కొట్టుకుని నవ్వింది. మంచం మీద పడుకున్న మరిది లేచి కూర్చున్నాడు.

"వదినె, బోనం నువ్వెత్తుడేంది? మొగడు లేనిదానివి. తప్పు గాదా?"

"గా దేవత ఎవలది?"

"ఎవలదేంది... సర్కారుది."

"నేను తినే పింఛన్ ఎవలది? మొగడు లేనందుకు సర్కారే ఇస్తాంది. మా ఇద్దరి నడుమ నువ్వెందుకయ్యా?"

యారాలు మొగుడి వైపు చూసి, "ఇగ పండు" అంది. ఆయన మళ్లీ పడుకున్నాడు.

బోనాల రోజు వచ్చింది. ఆడవాళ్లమంతా కుండలకు సున్నం, పసుపు పూసి, వేపమండలు కట్టి, మీద దీపం పెట్టి ఎత్తుకున్నాం. ఎప్పుడూ ఊరి మధ్యలోని గుడికి పోయేవాళ్లం, ఈసారి ఊరి మొదటికి తిరిగాం. డప్పులవాళ్లు ఒక్క క్షణం ఆగారు. "ఇటా?" అని అడిగారు. "ఇటే కొట్టు" అన్నాను. అందరి చేతుల్లోనూ సాక చెంబులున్నాయి. సాక అంటే పసుపు నీళ్లలో వేపాకు వేసి అమ్మవారి ముందు పోసేది. నా చెంబులో మాత్రం పసుపు లేదు. చిక్కటి కుంకుడురసం ఉంది. కోడలు పొద్దున్నే కొట్టి ఇచ్చింది. కొంగులో బీరపీచు.

వేపచెట్టు దగ్గర టెంటు వేశారు. కొత్త రాయికి తెర కట్టి, లాగడానికి తాడు పెట్టారు. నాయకుడు తెల్లచొక్కాలో వెలిగిపోతున్నాడు. పక్కన మండలం డాక్టరమ్మ, ఇద్దరు పోలీసులు, చుట్టూ పైకెత్తిన సెల్‌ఫోన్లు. పసుపు కింద ఉన్నది ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు, పాత రాయి ఎప్పుడో పీకేశారనే అనుకున్నట్టున్నాడు. డప్పుల చప్పుడు విని బూట్లు విప్పాడు.

"ముందుగాల అమ్మవారికి మొక్కి మొదలువెడదాం" అని పాత రాయికి వంగి దండం పెట్టాడు.

నేను బోనం దించాను. చెంబెత్తి దేవత నెత్తిన బొళబొళా పోశాను. పీచు తీసి రుద్దడం మొదలుపెట్టాను. నురుగొచ్చింది. జేసీబీ తెచ్చిన మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, అవ్వా! ఏం జేస్తున్నవే?"

"తలకు వోస్తున్న. ఎన్నొద్దులాయెనో తల్లి తానం జేసి. జరుగు, బట్టల మీద పడ్తది."

వెనక ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెంబులు వంచారు. వెండి కళ్లు ఊడి నురుగులో జారాయి. జనం అయ్యో అన్నారు. పసుపు ముద్దలు ముద్దలుగా దిగిపోయింది, కింద నుంచి బంగారు అక్షరాలు బయటికొచ్చాయి. కొత్తగా చెక్కినట్టే మెరుస్తున్నాయి. ఇన్నాళ్లూ పసుపు వాటిని కాపాడింది.

"సారూ, నాకు సదువు రాదు" అన్నాను. "తల్లి ఒంటి మీద ఏమున్నదో నువ్వే జర సదివి చెప్పు."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. మొదటి వరుస చదివాడు, "ఆరోగ్య ఉపకేంద్రం". రెండోది చదివాడు, "అదనపు తరగతి గదులు". "శంకుస్థాపన" దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఆగకు సారూ. ఎవల చేతుల మీదుగనో గది గూడ సదువు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. టెంటులో ఎవరో గట్టిగా చదివారు. అది ఆయన పేరే. నవ్వు మొదట వెనక నుంచి లేచింది, తర్వాత అంతటా పాకింది. డప్పువాడు ఆగబట్టలేక ఒక దెబ్బ వేశాడు. పోలీసుల్లో ఒకాయన పక్కకు తిరిగి మీసం దువ్వుకున్నాడు.

నాయకులు అంత తేలిగ్గా పడిపోరు. ఆయనా నవ్వాడు.

"అవ్వా, అప్పటి సర్కారు పైసలియ్యలే. నేను అడుగుతనే ఉంటి."

"మరి ఇప్పటి సర్కారు?"

"ఇప్పుడైతే పక్కా. మంజూరైంది."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. అన్నాడు. ఊరంతా ఒక్కసారి "ఓ..." అంది. నా పక్కన యారాలు జుట్టు ముడి విప్పుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. వేపమండ పట్టుకుని ఊగుతూ సూటిగా ఆయన ముందుకు పోయింది. డప్పులు వాటంతట అవే వేగం అందుకున్నాయి.

"నన్ను నిలవెట్టి పోతివి గదరా బిడ్డా! ఎండకు ఎండితి, వానకు నానితి! నా ఇల్లేదిరా? నా నర్సమ్మ ఏదిరా? నా బడిపిల్లలు చువ్వల కింద కూసున్నరు, నీ కండ్లకు గండ్లు వడ్డయా?"

"తప్పయింది తల్లీ, శాంతించు" అన్నాడు ఆయన. శివంలో ఉన్న మనిషికి అట్లాగే చెప్పాలి, ఆయనకు తెలుసు. ఈ నేల మీద పుట్టినవాడే కదా.

"ఒక్క దేవతకే ఇల్లు లేకపాయె! ఇంకొకదాన్ని దెస్తివా?" అని కొత్త రాయి తెర మీద వేపమండతో ఒక్కటేసింది. "దాన్ని ఎత్తుకపో! నా మొక్కు తీర్చినంకనే రా!"

తెర లాగే తాడు దగ్గరికి పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. ఆమెకు ఆ రోజు నిజంగా శివం వచ్చిందా, నా కోసం తెచ్చుకుందా, నేను ఇప్పటికీ అడగలేదు.

అరుపులతోనే పోనిస్తే పాత కథే అవుతుంది. నేను డాక్టరమ్మ ముందు నిలబడ్డాను. మా ఊరికి నర్సు ఉందా లేదా, ఆ ఒక్కటి చెప్పమన్నాను. ఆమె నాయకుడి వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి నిజం చెప్పింది.

"పోస్టు ఉంది పెద్దమ్మా. మనిషిని డిప్యుటేషన్ మీద వేరేచోట వేశారు. పైనుంచి ఒక మాట వస్తే రేపే పంపిస్తాను."

"పైన ఎవలు?"

ఊరంతా నాయకుడి వైపు తిరిగింది.

"బిల్డింగు లేదు కదవ్వా, ఆమె ఏడ కూసుంటది?" అన్నాడు.

"మా మహిళా సంఘం గదున్నది. ఫ్యానున్నది. సున్నం మేమే ఏస్తం. ఇంకేం గావాలె?"

ఫోన్లన్నీ ఆయన మొహం మీదే ఉన్నాయి. యారాలు ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన జేబులోంచి సెల్లు తీసి అక్కడే, మా అందరి ముందే మాట్లాడాడు. ఎవరితో మాట్లాడాడో నాకు తెలియదు. "ఆమెను వెనక్కి పంపియ్" అనడం మాత్రం చెవులారా విన్నాను. అప్పుడు యారాలు మెల్లగా కూలబడింది. నీళ్లు తాగించాం. కొత్త రాయి తెరతో సహా ట్రాలీ ఎక్కింది. మేం పాటలు పాడుకుంటూ ఊళ్లోకి నడిచాం. నా పెనిమిటి పోయిన తర్వాత నేను గొంతెత్తి పాడడం అదే మొదలు. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అత్తమ్మా, అయిందా?"

"అయింది బిడ్డా. పొయ్యి మీద ఛాయ్ వెయ్."

ఆ వారంలోనే నర్సమ్మ వచ్చింది. నాజూకు మనిషి, స్కూటీ మీద వచ్చింది, వస్తూనే మా గది చూసి ముక్కు మూసుకుంది. ఆ పూటే కడిగి సున్నం వేశాం. బల్ల మా ఇంటి నుంచి, కుర్చీలు బడి నుంచి. మొదటి రోజు జనం పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. ఎప్పుడూ తల పట్టుకుని కూర్చునే మా మరిదికి బీపీ ఆకాశంలో ఉందట. ఎన్నేళ్లుగా మోస్తున్నాడో, ఎవరు చూశారు గనక. నాకూ షుగర్ తేలింది. మంజూరు, మంజూరు అంటూ వీళ్లు ఊరిస్తున్నన్నాళ్లూ మా ఒంట్లో రోగాలు మాత్రం ఆగకుండా పెరిగాయి.

నా కోడలు వారం వారం పోయి చెయ్యి చాపేది. ఆ నల్లపట్టీ ఉబ్బుతుంటే పిల్ల నా మొహం చూసేది, నేను నర్సమ్మ మొహం చూసేదాన్ని. "బాగుంది" అనేది నర్సమ్మ. అలా బాగుంది, బాగుంది అంటూ కోడలికి ఎనిమిదో నెల నిండింది. ఒక మధ్యాహ్నం పట్టీ రెండుసార్లు కట్టింది. మూడోసారి కట్టింది. వెంటనే ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేసింది.

"ఏమైంది నర్సమ్మా?"

"పెరిగింది. భయపడకు, టైముకు దొరికింది. బట్టలు సర్దుకో పో."

పట్టపగలు, తెలివిలో ఉండి, తన కాళ్లతో నడిచి నా కోడలు అంబులెన్స్ ఎక్కింది. కిటికీలోంచి నన్ను చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు, చెయ్యి ఊపింది. పెద్ద దవాఖానలో ఇంజెక్షన్లు ఇచ్చి, కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పిడికెడు ఉంది. నా కొడుకు గోదాము నుంచి దుమ్ము బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. ఈసారి తువ్వాలలో కదిలే బిడ్డను చేతికిస్తే వాడికి ఎట్లా పట్టుకోవాలో తెలియలేదు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మేం ఇంటికి వచ్చేసరికి ఊరి మొదట్లో నాయకుడి ఫ్లెక్సీ కట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి అని రాసి ఉందట. టీచర్ చదివి చెప్పింది. చించేద్దామా అంది యారాలు. ఉండనీ అన్నాను. వానాకాలం కదా, నర్సమ్మ స్కూటీ మీద కప్పడానికి పనికొస్తుంది. పనికొచ్చింది కూడా.

ఇచ్చినందుకు నేనెవరికీ దండం పెట్టలేదు. అది మా ఊరి నర్సు, మాకు రావలసిన మనిషి, ఇన్నాళ్లూ దాచిపెట్టారు. దవాఖాన గోడలు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. రోజూ పనికి పోతూ ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసి పోతాను. తడిగా ఉంటే పని జరిగినట్టు. పొడిగా ఉంటే ఆ పూట యారాలినీ నలుగురు ఆడవాళ్లనూ తీసుకుని శామీర్‌పేటలో మండలం ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాం. బడి గదుల గురించీ అక్కడే అడుగుతున్నాం. మమ్మల్ని చూస్తే అటెండర్ తలుపు దగ్గరికి కుర్చీలు తెస్తాడు. "అవ్వలచ్చిండ్రు సార్" అని లోపలికి కేకేస్తాడు. లోపలి నుంచి మంజూరు అనే మాట ఈమధ్య వినబడ్డం లేదు.

నెలన్నర నిండాక పాపకు సూది వేయించడానికి సంఘం గదికి తీసుకుపోయాను. కోడలు చూడలేనని బయటే నిలబడింది. నర్సమ్మ తొడ మీద సూది గుచ్చగానే పిడికెడంత పిల్ల కప్పు ఎగిరిపోయేలా అరిచింది. బయట వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"ఎవల పోలికనే గిది?" అంది నర్సమ్మ చెవి మూసుకుని. ఆమెకు కూడా మా మాట పట్టుబడింది.

"మా ఇంట్ల ఆడోళ్లందరి పోలిక" అన్నాను.

"వచ్చే నెల ఇంకోటుంది. అప్పుడు గూడ తేవాలె."

"తెస్త. నువ్వు మాత్రం ఈడనే ఉండు" అన్నాను.

ఆమె సూది పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, "ఇంకెక్కడికి పోనిస్తరు మీరు!" అని తర్వాతి మనిషిని పిలిచింది.